బోర్డు గదికి దారి కొలిమి దగ్గరే మొదలు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఈ కర్మాగారం మాతృసంస్థ ‘సెయిల్’ ఛైర్మన్ పదవిలోకి తొలిసారి ఒక మహిళ వచ్చింది 2021 జనవరి 1న. ఆమె సోమా మండల్. అప్పటికి భిలాయ్ కొలిమి వెలిగి దాదాపు 62 ఏళ్లు.

ఇంత ఆలస్యం ఎందుకు? జవాబులో కొంత సామాజికం, కొంత గణితం.

ముందు గణితం చూద్దాం. డైరెక్టర్ పదవికి అర్హత ఉన్న అధికారుల్లో మహిళలు 10 శాతమే ఉన్నారనుకుందాం. ఏ వివక్షా లేకుండా, చీటీలు తీసినట్టు పది మందిని ఎంపిక చేసినా, బోర్డులో ఒక్క మహిళ కూడా లేకపోయే అవకాశం సుమారు 35 శాతం. ముగ్గురు లేదా అంతకు మించి ఉండే అవకాశం 7 శాతమే. ఈ ‘ముగ్గురు’ అన్న సంఖ్యకు ప్రాధాన్యం ఉంది. ఒక్కరే ఉంటే ఆమె మాటను ‘మహిళల మాట’గానే చూస్తారని, ముగ్గురుంటే అది మామూలు సభ్యుల అభిప్రాయంగా చెల్లుతుందని బోర్డులను పరిశీలించిన పరిశోధకులు అంటారు.

అర్హుల సంఖ్యే ఎందుకు తక్కువ? బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాత్రికి ఆర్పేసి పొద్దున వెలిగించడం కుదరదు. మూడు షిఫ్టులూ నడవాల్సిందే. కానీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మహిళలు రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు పనిచేయకూడదంది. రాష్ట్రాలు సడలించినా రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు వీలుండేది కాదు. రక్షణ కోసం పెట్టిన ఆ నిబంధనే, ఉత్పత్తి విభాగంలో పైకెక్కే నిచ్చెనలో ఒక మెట్టు తీసేసింది. మహిళల సమ్మతితో, భద్రతా ఏర్పాట్లతో రాత్రి పనికి వీలు కల్పించే వృత్తి భద్రతా కోడ్‌ను పార్లమెంటు 2020లో ఆమోదించింది.

బోర్డుల విషయంలో చట్టం నేరుగా జోక్యం చేసుకుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో కనీసం ఒక మహిళా డైరెక్టర్ తప్పనిసరి. నార్వే 2003లోనే 40 శాతం కోటాకు చట్టం చేసింది. దాంతో కంపెనీల విలువ పడిపోయిందని 2012లో ఒక అధ్యయనం తేల్చింది. అదే లెక్కను మళ్లీ పరిశీలించిన ఇతర పరిశోధకులు అందుకు తగిన ఆధారం లేదన్నారు. అంటే లాభం పెరుగుతుందని గానీ, నష్టం వస్తుందని గానీ గట్టిగా చెప్పలేం.

బృందాల ఆలోచనా శక్తిపై మాత్రం ఆసక్తికరమైన ఫలితం ఉంది. 699 మందిని చిన్న చిన్న బృందాలుగా చేసి జరిపిన ప్రయోగాల వివరాలు 2010లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. బృందం పనితీరును సభ్యుల సగటు తెలివి కంటే, ఎదుటివారి మనసు గ్రహించే నేర్పు, అందరికీ మాట్లాడే వంతు దక్కడం ఎక్కువగా ప్రభావితం చేశాయి. మహిళలు ఎక్కువున్న బృందాలు మెరుగ్గా రాణించాయి. అందుకు ప్రధాన కారణం ఆ గ్రహింపు శక్తేనని పరిశోధకుల వివరణ. ప్రయోగశాల బృందాలకూ కంపెనీ బోర్డులకూ తేడా ఉందన్నది మరువరాదు.

సోమా మండల్ రూర్కెలాలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసింది 1984లో. అక్కడి నుంచి ఛైర్మన్ కుర్చీకి 37 ఏళ్లు. చట్టం బోర్డులో ఒక పేరును ఒక్క రోజులో చేర్చగలదు. కానీ కొలిమిని ఎరిగిన డైరెక్టర్ తయారు కావడానికి ఒక ఉద్యోగ జీవితం పడుతుంది. 2060 నాటి ఉక్కు కంపెనీ బోర్డు ఎలా ఉంటుందో, ఈ ఏడాది షిఫ్టులో చేరే యువ ఇంజినీర్ల జాబితాలోనే రాసి ఉంటుంది.