ఏకాంతవాసి యైన నాదశిల్పి

మేము దిల్‌సుఖ్‌నగరమున మెట్రో రైలు మార్గమునకు రెండు వీధుల దూరమున కాపుర ముందుము. మా వారు బడిపంతులు. అత్తగారును, నా మఱదియు మాతోడనే యుందురు. పోటీపరీక్షల శిక్షణకై ఈ పేటకు వచ్చి వసతిగృహములలో నుండు వేలకొలది పిల్లలవలెనే మా మఱదియు పగలెల్ల పుస్తకములు ముందిడుకొని కూర్చుండును. రాత్రి తొమ్మిది గంట లగుసరికి మాత్రము అతని చేతికి గిటారు వచ్చును. గిటారునుండి యొక తీగ ప్రక్కనున్న నల్లని పెట్టెలో చేరును. అంతట పెట్టె అఱచును. అత్తగారు చెవులు మూసికొందురు. క్రింది వాటాలోని వారు మెట్లెక్కి వచ్చి మర్యాదగానే చెప్పిపోవుదురు. ఆ పెట్టెను ఆంప్లిఫయ రందురు.

2022వ సంవత్సరము జనవరి మాసమున ఒకనాటి రాత్రి అతడు అన్నమునకు లేవలేదు. ఏదో పరీక్ష తప్పినాడేమో యని నా గుండె జల్లుమన్నది. ఎంత యడిగినను పలుకక, తుదకు “వదినా, డంబుల్ పోయినాడు” అనెను. ఎవరా డంబుల్? తోడి విద్యార్థియా, గురువా? “ఆంప్లిఫయర్లు చేయువాడు. అమెరికాలో” అని మఱల గోడవైపు తిరిగెను. నాకు నవ్వు వచ్చినమాట దాచను. కవులు పోయిరని, గాయకులు పోయిరని దుఃఖించినవారిని ఎఱుగుదును గాని, పెట్టెలు చేయువానికై పస్తున్న వానిని చూచుట నా కదియే మొదలు. అయినను ఆ రాత్రి అతడు చెప్పగా విన్న సంగతులును, తరువాత నేను వెదకి చదివినవియు నా నవ్వును పోగొట్టినవి.

హోవర్డు అలెగ్జాండరు డంబుల్ 1944వ సంవత్సరము జూన్ 1వ తేదీన జన్మించి, కాలిఫోర్నియా యందలి బేకర్స్‌ఫీల్డు పట్టణమున పెరిగెను. బాల్యముననే రేడియోల పని యబ్బినది. గిటారు వాయించుటయు నెఱుగును. జీవితమంతయు గిటారు ఆంప్లిఫయర్లను తన చేతులతో ఒక్కొక్కటిగా కట్టెను. 2022 జనవరి 16వ తేదీన, డెబ్బదియేడేండ్ల ప్రాయమున కన్నుమూసెను. పత్రికలవారికి చిక్కుట అరుదు. ప్రకటన లెఱుగడు. సభలలో కానరాడు. అట్టివాని మరణవార్త సముద్రములు దాటి దిల్‌సుఖ్‌నగరములోని మా వంటయింటిదాక ఎట్లు వచ్చెనో తెలియవలెనన్నచో, ఆ పెట్టె చేయు పని యేమో కొంచెము చెప్పవలసియున్నది.

విద్యుత్ గిటారు తీగలక్రింద అయస్కాంతములును, వాని చుట్టును వెండ్రుకవంటి రాగితీగ చుట్టయు నుండును. ఉక్కుతీగ మీటినప్పుడు ఆ చుట్టయందు విద్యుత్తు పుట్టును. అది మిక్కిలి బలహీనమైనది. దానిచేత స్పీకరు కదలదు. దానికి బలము నిచ్చునదే ఆంప్లిఫయరు. మన తాతలనాటి రేడియోలలో ఎఱ్ఱగా వెలుగుచుండిన గాజు వాల్వులే మంచి గిటారు ఆంప్లిఫయర్లలో నేటికిని గలవు. వాల్వులో కాగిన లోహమునుండి విద్యుత్కణములు ఎదుటి రేకువైపు పరుగిడును. నడుమ జల్లెడవంటి తీగ యొకటి యుండును. మా సరూర్‌నగరు చెఱువువంటి చెఱువుకు తూము ఉన్నదనుకొనుడు. తూము తలుపును ఒక పిల్లవాడు కొంచెము కదిపినను వెలువడు నీటి బలము పిల్లవానిది కాదు, చెఱువుది. అట్లే గిటారు పంపిన చిన్న అల ఆ జల్లెడతీగను కదల్చగా పెద్ద ప్రవాహము దానిని అనుసరించి హెచ్చుచు తగ్గుచు నుండును. ఈ మూడు అంగముల వాల్వును లీ డిఫారెస్టు అనునతడు 1906లో కనిపెట్టెను.

అయితే గిటారు వాయించువారు కోరునది పెద్ద శబ్దము మాత్రమే కాదు. వాల్వు మోయగలదానికంటె మిక్కిలిగా పంపినప్పుడు అలల తలలు నలిగి, మూలస్వరముతోపాటు క్రొత్త అనుస్వరములు పుట్టును. ఇంజనీర్లకు ఇది దోషము. గిటారు వాద్యకాండ్రకు ఇదియే ప్రాణము. పాలు పొంగుటవంటిది: పొంగనీయనిచో రుచి లేదు, పొర్లనిచ్చినచో పొయ్యి పాలగును. డంబుల్ ప్రసిద్ధినొందినది ఈ పొంగును అదుపులో నుంచుటయందే. “ఓవర్‌డ్రైవ్ స్పెషల్” అను తన పెట్టెలో అతడు నిర్మలముగా వచ్చిన నాదమునే తీసి మఱి రెండు మెట్లగుండ నడిపించెను. వ్రేలు మెల్లగా మీటిన తేటనాదము, గట్టిగా మీటిన ఆర్తనాదము. మీట త్రిప్పనక్కఱలేదు, అంతయు వ్రేలిలోనే యున్నది.

ఇతరులకును అతనికిని భేద మెక్కడ? లియో ఫెండ ఱనునతడు 1938లో ఫుల్లర్టన్ పట్టణమున రేడియో బాగుచేయు అంగడితో మొదలిడి లోకప్రసిద్ధమైన కర్మాగారమునకు మూలపురుషుడయ్యెను. లండను నగరమున డ్రమ్ములు అమ్ముకొను జిమ్ మార్షల్ 1960 తరువాతి యేండ్లలో అట్టివాడే యయ్యెను. డంబుల్ కర్మాగారము పెట్టలేదు. అతడు చేసిన పెట్టెలు మొత్తము సుమారు 300 అని చెప్పుదురు. కొనగోరినవాని వాద్యమును ముందు వినును. వాని చేయి బరువైనదా తేలికయా, వాడు ఏ స్వరముపై నిలుచును అని గమనించును. పిదప ఆ చేతికి తగినట్లు పెట్టె కట్టును. రాబెన్ ఫోర్డు అను విద్వాంసుడు వేఱొకరి ఆంప్లిఫయరుమీద వాయించుచుండగా విన్న నాదమే తన ఓవర్‌డ్రైవ్ స్పెషల్‌కు ప్రేరణమని డంబుల్ చెప్పినట్లు ఫోర్డుగారే పలుమాఱు చెప్పియున్నారు. సాంటానా, లారీ కార్ల్‌టన్, జాక్సన్ బ్రౌన్ మున్నగువారు అతని పెట్టెలు వాడిరి. స్టీవీ రే వాన్ అను యువకుని మొదటి ఆల్బము, 1983లో వెలువడిన “టెక్సాస్ ఫ్లడ్”, జాక్సన్ బ్రౌన్ స్టూడియోలో అక్కడి డంబుల్ పెట్టెమీదనే ముద్రితమయ్యెను. ఇప్పుడు ఆ పెట్టెలు చేతులు మాఱునప్పుడు లక్ష డాలర్లు దాటి పలుకుచున్నవి. మన లెక్కకు 80 లక్షల రూపాయలకు పైమాట! ఆ మాట విని మా వారు తమ జీతముతో ఎన్ని యేండ్లగునో వ్రేళ్లపై లెక్కించి, నడుమనే మానివేసిరి.

ఇక అతని రహస్యము. తన పెట్టెలోని ముఖ్యభాగములమీద డంబుల్ గట్టిపడు జిగురు పోసి కప్పివేయుచుండెను. మూత తీసినను ఏ భాగము దేనితో కలిసినదో కానరాదు. ఇది వినగానే మా అత్తగారు జపము ఆపి, “మా మేనత్తయు నంతే, ఆవకాయ పాళ్లు కోడండ్రకైనను చెప్పక పోయినది. ఊఱగాయల కాలము వచ్చినప్పుడెల్ల ఆమెను తిట్టుకొనుచునే తలచుకొందుము” అనిరి.

నా మనస్సు మాత్రము ఇటు నటు ఊగినది. మా నాయనగారు నాకు ఇంటనే కావ్యములును వీణయు నేర్పిరి. ఇచ్చినకొలది పెరుగు ధనము విద్య యొక్కటే యని విని పెరిగినదానను. దాచిన విద్య నాకు రుచింపదు. అయితే ఆ మనుష్యుని వెనుక సంస్థ లేదు. రెండు చేతులు తప్ప పెట్టుబడి లేదు. నకలు తీసినవాడు వేలు చేసి యమ్మినచో ఇతని బ్రతుకేమి? మన యిండ్లలో ఒక విధవరాలు అప్పడములు చేసి పిల్లలను చదివించుకొనుచుండగా, అంగడివాడు ఆ తీరు తెలిసికొని యంత్రముపై చేయించినచో ఆమె పాళ్లు దాచుట తప్పని ఎవ రనగలరు? తుదకు ఆ జిగురును తొలిచిరట, ఆ మార్గమును పటము గీసిరట. డంబుల్ రీతి పెట్టెలు నేడు పెక్కుచోట్ల తయారగుచున్నవి. ఎదుట కూర్చుండి ఒకనివాద్యము వినిన చెవి మాత్రము వానిలో లేదు.

ఈ సంగతి నాకు పుస్తకమువలన గాక, ఎల్.బి. నగరమున తెలిసినది. కొంతకాలమునకు మఱది పెట్టెలో “గుయ్” మని ఆగని రొద బయలుదేఱినది. అమ్మిన అంగడికి కోఠీ దాక మోసికొనిపోగా, ఇది బాగుపడదు, క్రొత్తది కొనుమనిరి. ఇంతలో ఎవరో చెప్పగా ఎల్.బి. నగరు చౌరస్తాకు లోపలి సందులో నున్న యొక వృద్ధుని యొద్దకు పోయితిమి. ఒకప్పుడు వాల్వు రేడియోలు, ఇప్పుడు పెండ్లిపందిళ్ల మైకుసెట్లు బాగుచేయువాడు. అంగడికి బోర్డు లేదు. అడిగినదానికి తలయూపును, లేనిచో అదియు లేదు. పెట్టె విప్పి, కండెన్సరు ఎండిపోయినదని చూపి, మార్చి, అరగంటలో రొద ఆపెను. మఱది లోపల వ్రేలు పెట్టబోగా మాత్రము గట్టిగా చేయి పట్టుకొని లాగెను. తీగ ఊడదీసినను కండెన్సరులో విద్యుత్తు నిలిచియుండునట. వాల్వు పెట్టెలలో నది నాలుగువందల వోల్టులు దాటి యుండవచ్చును, ప్రాణము తీయును. పిల్లలు గల తల్లులు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

అక్కడ నేనొక కోరిక బయటపెట్టితిని. మా నాయనగారి వీణ బొబ్బిలి చెంత గొల్లపల్లిలో సర్వసిద్ధివారి వంశస్థులు ఒక్క పనసమ్రానును తొలిచి చేసిన ఏకాండి వీణ. బొబ్బిలి వీణకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఈ పేటకు వచ్చినది మొదలు అది మంచముక్రిందనే యున్నది. కిటికీ తెఱచిన వాహనముల హోరు, మూసిన పంకా హోరు. అనుస్వరము నా చెవికే అందదు. ఈమని శంకరశాస్త్రిగారును, చిట్టిబాబుగారును వీణకు కాంటాక్టు మైకు అమర్చి వాయించిరి గదా, నాకును అట్టిది పెట్టగలరా యని యడిగితిని.

“ముందు వినవలెనమ్మా” అనెను. అతని నోట నేను వినిన మొదటి పూర్తివాక్య మదియే.

ఆదివారమునాడు మెట్రో యెక్కి మా యింటికి వచ్చెను. మైకు సంచినుండి తీయనైన తీయలేదు. నేలపై కూర్చుండి కనులు మూసికొనెను. పదునొకండేండ్ల తరువాత కల్యాణి తానము వాయించితిని, వ్రేళ్లు మొద్దువారి గమకములు తప్పినవి, సిగ్గుపడితిని. అతడు మఱల వాయింపుమనెను. మూడవమాఱు ముగిసిన తరువాత, “మీకు మంద్రము ఇష్టమమ్మా. గోరు రాపిడి కొంచెము హెచ్చు” అనెను. మా నాయనగారు అనుచుండిన మాటయే యది! పిమ్మట మైకును గుఱ్ఱము దగ్గఱ నొకమాఱు, కుండపై నాలుగుచోట్ల నాలుగుమార్లు అంటించి చూచెను. మధ్యాహ్నము దాటినది. తుదకొకచోట నిలిపి, రాపిడి తగ్గునట్లు చిన్న కండెన్సరొకటి టంకము పెట్టి, మఱది పెట్టెలోనికి తీగ పంపెను. మంద్రస్థాయి గదియంతయు నిండినది. అత్తగారు చెవులు మూసికొనలేదు.

మఱది ఆశతో, “లోపల జిగురు పోయరా?” అని యడిగెను. అతనికి డంబుల్ కథ చెప్పితిమి. ఆయన చాలసేపు ఆలోచించి, “ఆయనకు కొనువారు చాలమంది, నాకు నేర్చుకొనువా డొక్కడైన లేడు బాబూ” అనెను. బల్లమీదనున్న పెండ్లిపత్రిక వెనుకతట్టున తాను కలిపిన తీగల పటమును గీసి ఇచ్చి, భోజనము చేయుమన్నను చేయక, మజ్జిగ మాత్రము పుచ్చుకొని పోయెను. మఱది దానిని పెట్టె మూత లోపల అంటించినాడు.