కట్టెలు చీల్చే హైడ్రాలిక్ యంత్రం: కొనే ముందు వేయవలసిన లెక్క

కట్టెల అడితి నడిపే ఖాతాదారులు మా శాఖకు వచ్చినప్పుడు తరచుగా వేసే ప్రశ్న ఒకటున్నది. "ఎన్ని టన్నుల యంత్రం తీసుకోమంటారండీ?" అని. డీలరు ఇచ్చిన కాగితంలో పదిహేను టన్నులు, ఇరవై అయిదు టన్నులు అన్న అంకెలు పెద్ద అక్షరాలలో ఉంటాయి. నేను తిరిగి అడిగేది వేరొక టన్నుల సంగతి: "మీరు నెలకు ఎన్ని టన్నుల కట్టె చీల్చి అమ్ముతున్నారు?" మొదటిది యంత్రపు బలం. రెండవది మీ వ్యాపారపు బలం. బ్యాంకు వాయిదా చెల్లించేది ఈ రెండవదే.

ముందుగా యంత్రం సంగతి చూద్దాం. ట్రాక్టరు వెనుక నాగలిని పైకెత్తే లిఫ్టు ఏ సూత్రంపై పనిచేస్తున్నదో ఇదీ అదే సూత్రంపై పనిచేస్తుంది. మూసి ఉన్న ద్రవంపై ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని పాస్కల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పదిహేడవ శతాబ్దంలో చెప్పాడు. దానిని ఆధారం చేసుకొని ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. మన యంత్రంలో ఇంజను గాని మోటారు గాని పంపును తిప్పుతుంది. పంపు నూనెను సిలిండరులోనికి నెట్టుతుంది. పిస్టను ముందుకు జరిగి మొద్దును గొడ్డలి ఆకారపు ఉక్కు మొనకు అదుముతుంది. ఈ మొననే మెకానిక్కులు వెడ్జి అంటారు.

బలాన్ని మీరే లెక్కగట్టవచ్చును. నూనె పీడనం చదరపు సెంటీమీటరుకు 200 కిలోలు అనుకొందాం. సిలిండరు లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లయితే పిస్టను వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. రెండింటినీ గుణిస్తే 15,700 కిలోలు, అనగా సుమారు పదిహేనున్నర టన్నులు. వ్యాసం 125 మిల్లీమీటర్లయితే అదే పీడనానికి ఇరవై నాలుగున్నర టన్నులు వస్తుంది. డీలరు చెప్పిన టన్నులు ఈ గుణకారానికి సరిపోకపోతే, ఆయన పంపు తట్టుకోగల గరిష్ఠ పీడనాన్ని చెప్పుతున్నాడే గాని, రిలీఫ్ వాల్వును అమర్చిన పీడనాన్ని చెప్పడం లేదని గ్రహించండి.

అయితే బలం పెరిగిన కొద్దీ వేగం తగ్గుతుంది. నిమిషానికి 20 లీటర్ల నూనె ఇచ్చే పంపుతో పిస్టను 600 మిల్లీమీటర్లు నడవడానికి మొదటి సిలిండరుకు 14 సెకన్లు, రెండవదానికి 22 సెకన్లు పడుతుంది. ఎక్కువ టన్నుల యంత్రం కొని రోజుకు తక్కువ కట్టె చీల్చుకొనేవారు ఇందువల్లనే ఉన్నారు. పైగా 20 లీటర్ల నూనెను 200 కిలోల పీడనంతో నడపాలంటే సుమారు 9 అశ్వశక్తి కావాలి. రెండంచెల పంపు ఉంటే, మొద్దు తగిలేవరకు పిస్టను తక్కువ ఒత్తిడితో వేగంగా నడిచి, తగిలిన తరువాత నెమ్మదిగా పూర్తి బలంతో నొక్కుతుంది. అప్పుడు 5 అశ్వశక్తి చాలును. నా అభిప్రాయంలో, మరో పది టన్నులకు పెట్టే డబ్బును రెండంచెల పంపుకు పెట్టడం మేలు.

ట్రాక్టరు ఉన్నవారు దానితోనే నడిచే యంత్రం తీసుకోవచ్చును; ఇంజను ఖర్చు మిగులుతుంది. కాని 5 అశ్వశక్తి పనికి 40 అశ్వశక్తి ఇంజను రోజంతా తిరుగుతూ ఉంటుందని మరువవద్దు.

ఇక కట్టె. నార నిలువుగా ఉండే సరుగుడు, సుబాబుల్ మొద్దులను పదిహేను టన్నుల యంత్రం సులువుగా చీల్చుతుంది. వేప, చింత మొద్దులలో నార మెలికలు తిరిగి ఉంటుంది. కొమ్మలు మొలిచిన ముడుల వద్ద మొన ఇరుక్కుంటుంది. జామాయిల్ కొట్టిన కొత్తలో చీల్చితే తేలిక, ఎండిన తరువాత మొండికేస్తుంది. మీ అడితికి వచ్చే సరుకులో సగానికి పైగా చింత, వేప మొద్దులే అయితే పెద్ద సిలిండరు అడగడంలో న్యాయమున్నది. లేకుంటే లేదు.

చీల్చడం వలన కలిగే అసలు లాభం ఆరడంలో ఉన్నది. పచ్చి కట్టె బరువులో మూడోవంతు నుండి సగం వరకు నీరే. పొయ్యిలో ఆ నీటిని ఆవిరి చేయడానికి కిలోకు 540 కిలోకేలరీలకు పైగా వేడి వృథా అవుతుంది. బెరడుతో ఉన్న మొద్దు నెలల తరబడి తడిగానే ఉంటుంది. చీల్చిన పేళ్ళు గాలి తగిలి త్వరగా ఆరుతాయి. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం ప్రాంతాలలో వర్జీనియా పొగాకు బ్యారన్లకు కట్టె కొనే రైతులకు ఈ తేడా బాగా తెలుసు. ఆరిన పేళ్ళకు వారు మంచి ధర ఇస్తారు. కాని వారి కొనుగోలు కొన్ని నెలలకే పరిమితం.

కొనేవారి సంగతి ఆలోచిస్తే నాకు కోల్‌కతా గుర్తుకు వస్తుంది. మన ప్రధాన కార్యాలయంలో శిక్షణకు వెళ్ళినప్పుడు ఒక ఆదివారం హుగ్లీ ఒడ్డున ఉన్న నిమ్తలాకు వెళ్ళాను. కలప గోదాములు, కోత మిల్లులు, వాటి పక్కనే శ్మశాన ఘట్టం. 1941లో రవీంద్రనాథ్ ఠాగూరుకు అంత్యక్రియలు జరిగినది అక్కడే. అంత కలప ఉన్నచోట ఇద్దరు మనుషులు గొడ్డళ్ళతో మొద్దులు చీలుస్తున్నారు. యంత్రం ఎందుకు పెట్టలేదని అడితి యజమానిని అడిగాను. "చితి కంటె విద్యుత్ దహనమే ఎక్కువైంది బాబూ, యంత్రానికి పని ఎక్కడిది?" అన్నాడు. ఆయన లెక్క సరియైనదే. మన గ్రామాలలోనూ 2016లో ఉజ్జ్వల పథకం వచ్చిన తరువాత ఎన్నో ఇళ్ళలోనికి గ్యాసు చేరింది. ఇంటి పొయ్యిని నమ్ముకొని ఈ యంత్రం కొనరాదు. బ్యారన్లు, హోటళ్ళు, పెళ్ళి వంటల మేస్త్రీలు, రొట్టెల బట్టీలు, వీరిలో ఏడాది పొడవునా కొనేవారెవరో పేర్లు వ్రాసుకొన్న తరువాతనే శాఖకు రండి.

ఆ ప్రయాణంలోనే నది దాటి హౌరాలోని బెలిలియస్ రోడ్డుకు కూడా వెళ్ళాను. చిన్న ఇంజనీరింగు వర్క్‌షాపులకు అది పేరుపొందిన చోటు. అక్కడి మేస్త్రీ ఒకరు రెండు సిలిండరు ముక్కలు నా చేతిలో పెట్టారు. ఒకటి లోపల అద్దంలా నునుపు చేసిన అతుకులేని గొట్టం, మరొకటి మామూలు పైపు. రంగు వేస్తే బయటికి రెండూ ఒకటే. రెండవదానిలో సీళ్ళు త్వరగా అరిగి నూనె కారుతుంది. యంత్రం ఎక్కడ కొన్నా సరే, ఈ సంగతి కొటేషనులో వ్రాయించుకోండి.

ఇప్పుడు ఖర్చు లెక్క. రేట్లు ఊరికొక విధంగా ఉంటాయి గనుక ఈ అంకెలను ఉదాహరణగా మాత్రమే తీసుకొని, మీ అంకెలు వేసుకోండి. యంత్రం ధర 2,50,000 రూపాయలు. మీ వాటా నాలుగోవంతు, 62,500. ఋణం 1,87,500. అయిదేళ్ళలో తీర్చాలంటే నెలకు అసలు 3,125. నూటికి 11 వడ్డీ అయితే మొదటి నెల వడ్డీ సుమారు 1,719. మొత్తం 4,844 రూపాయలు.

గంటకు 600 కిలోల కట్టె చీల్చగలరనుకొందాం. నెలకు 40 టన్నులు అమ్మే అడితికి 67 గంటలు, అనగా తొమ్మిది రోజుల పని. గొడ్డలితో కొట్టించితే టన్నుకు 600 చొప్పున 24,000 అయ్యేది. యంత్రం వద్ద ఇద్దరు మనుషులకు రోజుకు 700 చొప్పున 12,600. గంటకు లీటరు డీజిలు చొప్పున, లీటరు 98 రూపాయలైతే, దాదాపు 6,600. సీళ్ళు, ఫిల్టర్లు, నూనె క్రింద 1,000. మిగులు 3,800. వాయిదాకు వెయ్యి రూపాయలు తక్కువ! అదే అడితిలో డీజిలు ఇంజనుకు బదులు కరెంటు మోటారు ఉంటే, గంటకు 3 యూనిట్లు, యూనిట్టు 10 రూపాయల చొప్పున 2,010 రూపాయలతో సరిపోతుంది. మిగులు 8,390. వాయిదా పోగా చేతికి మూడున్నర వేలు వస్తుంది. త్రీఫేజు కనెక్షను ఉన్నదా అని నేను మొదటనే అడగడానికి కారణమిదే. ఇక డీజిలుతోనే నడపవలసినవారు నెలకు 60 టన్నుల పని లేనిదే ఋణం జోలికి పోకపోవడం మంచిది.

ప్రమాదం విషయం కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. నా పరిధిలోని ఒక ఖాతాదారు యంత్రాన్ని నేను తనిఖీ చేసినప్పుడు లివరుకు తాడు కట్టి ఉండటం చూశాను. చేయి తీయగానే ఆగిపోవలసిన పిస్టను, తాడు వలన ఆగకుండా నడుస్తుంది. పని త్వరగా అవుతుందని అలా కట్టారు. నేను నూనె కారుతున్న సంగతి మాత్రం రిపోర్టులో వ్రాసుకొని వచ్చేశాను. మూడు వారాల తరువాత ఆయన బావమరిది మొద్దు పట్టుకొని ఉండగా, ఈయన లివరు నొక్కాడు. కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. యంత్రంలో ఏ లోపమూ లేదు. రెండు నెలలు పని ఆగి, వాయిదాలు బకాయిపడ్డాయి. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో బ్యాంకు ఖాతా ద్వారా లభించే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఆయనకు ఉన్నది. కాని అది మరణానికి, పూర్తిగా చేయి, కాలు, కన్ను పోయినప్పటికే వర్తిస్తుంది. వేళ్ళకు ఏమీ రాలేదు. ఇప్పుడు నేను తనిఖీకి వెళితే మొదట చూసేది లివరునే.

మొద్దు పెట్టిన మనిషే లివరు నొక్కాలి. రెండు చేతులతో నొక్కితే తప్ప కదలని రెండు లివర్ల యంత్రం దొరికితే ధర కొంత ఎక్కువైనా అదే తీసుకోండి. మొద్దు చివరలు సమంగా కోసి ఉండాలి. ఏటవాలుగా ఉన్న మొద్దు పక్కకు ఎగిరిపడుతుంది. సగం చీలిన పగులులో వేళ్ళు పెట్టి లాగవద్దు. మొద్దు చీలకపోతే తిప్పి పెట్టండి, రిలీఫ్ వాల్వును బిగించకండి. గొట్టంలో సన్నని రంధ్రం పడినదేమో అని అరచేతితో తడిమి చూడవద్దు. 200 కిలోల పీడనంతో వచ్చే నూనె చర్మంలోనికి దూసుకొనిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. మెడలో తువ్వాలు వేసుకొని యంత్రం దగ్గరకు పోరాదు. గిరగిర తిరిగే మర మేకుతో కట్టె చీల్చే చవక పరికరాలు కూడా సంతలోనికి వస్తున్నాయి. బట్ట చిక్కుకుంటే మనిషిని లాగివేసే ఆ పరికరాలకు ఋణం సిఫారసు చేయడానికి నాకు మనసు ఒప్పదు.

అడితి వ్యాపారానికి ముద్రా పథకం క్రింద దరఖాస్తు చేయవచ్చును. పైన చూపిన ఋణం 5 లక్షల లోపు గల కిశోర్ తరగతిలోనికి వస్తుంది. ఉద్యం రిజిస్ట్రేషను పత్రం, గత సంవత్సరపు కట్టె కొనుగోలు, అమ్మకాల పుస్తకం, కరెంటు బిల్లు తెండి. చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం క్రింద, రవాణాకు అటవీశాఖ నిబంధనల క్రింద అవసరమైన అనుమతులు మీ సరుకుకు ఉన్నవో లేవో ముందే తెలుసుకోండి. సరుకు పట్టుబడితే యంత్రం ఖాళీగా నిలుస్తుంది. డీలరు సోదరులకు ఒక మనవి: కొటేషనులో టన్నులతో పాటు సిలిండరు వ్యాసం, రిలీఫ్ వాల్వు పీడనం, పంపు నిమిషానికి ఇచ్చే లీటర్లు, మోటారు అశ్వశక్తి, సీళ్ళ సెట్టు ధర వ్రాసి ఇవ్వండి. ఆ అయిదూ లేని కొటేషనును మా శాఖలో తిరిగి పంపుతున్నాము.