లావుగా ఉన్నవాళ్ళు ఆకాశం నుంచి దూకవచ్చా?

మొన్న మన హాస్టల్ పూర్వ విద్యార్థుల కలయికలో భోజనాల దగ్గర మాటలు విశాఖపట్నం మీదకు మళ్ళాయి. 2025 జనవరి 2న రామకృష్ణా బీచ్‌లో నేవీ వారి విన్యాసాల రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరి పారాచూట్లు గాలిలో ఒకదానికొకటి చిక్కుకుని, వాళ్ళు ఒడ్డుకు దగ్గరలోనే నీళ్ళలో పడి క్షేమంగా బయటపడ్డారు. టీవీలో అందరం చూసినదే. ఆ కబుర్లు సాగుతుండగా ఇంటర్ చదువుతున్న తమ్ముడొకడు, కాస్త భారీ మనిషి, "అన్నయ్యగారూ, నాలాంటోళ్ళు కూడా అలా దూకొచ్చాండీ?" అని అడిగాడు. పక్కవాళ్ళు "నీకు పారాచూట్ చాలదురా, షామియానా కట్టాలి" అని ఒకటే నవ్వు. వాడూ నవ్వాడు. కానీ పెరుగన్నం కలుపుకోకుండానే లేచిపోయాడు.

అడిగింది మంచి ప్రశ్న. దానికి ఆ రోజు ఎవరమూ జవాబు చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

తమాషా ఏమిటంటే ఆ వెటకారంలో సగం సైన్సు ఉంది. బరువైన మనిషికి పెద్ద గుడ్డే కావాలి. ఎందుకో చూద్దాం.

గాలి లేనిచోట బరువైనదీ తేలికైనదీ ఒకే వేగంతో పడతాయని హైస్కూల్లో చదువుకున్నాం. గాలిలో అలా కాదు. పడుతున్నకొద్దీ గాలి ఎదురు నెడుతుంది. ఆ నెట్టుడు మన బరువుకు సమానమైన క్షణం నుంచి వేగం ఇక పెరగదు. దీనినే చరమ వేగం అంటారు. పొట్ట కిందికి పెట్టి, చేతులు కాళ్ళు చాపి పడే మనిషికి ఇది గంటకు సుమారు 190, 200 కిలోమీటర్లు. శరీర వైశాల్యం మారకుండా బరువు పెరిగితే ఈ వేగం బరువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 64 కిలోల మనిషినీ 100 కిలోల మనిషినీ తీసుకుంటే ఎనిమిదికి పది, అంటే నాలుగో వంతు ఎక్కువ. లావుగా ఉన్నవాళ్ళకు వైశాల్యం కూడా ఎక్కువే కాబట్టి అసలు తేడా అంతకంటే తక్కువ ఉంటుంది.

గుంపుగా దూకేవాళ్ళకు ఈ తేడాతో చిక్కు వస్తుంది. బరువైనవాడు కిందికి జారిపోతాడు, బక్కవాడు పైనే ఉండిపోతాడు. అందుకని బరువైనవాళ్ళు గాలిని పట్టే వదులు దుస్తులు వేసుకుంటారు. బక్కవాళ్ళు నడుముకు సీసం బిళ్ళల బెల్టు కట్టుకుంటారు! మన హాస్టల్లో బక్కవాణ్ణి చూసి అందరూ "లావెక్కరా" అంటారు. అక్కడ ఆ పని డబ్బిచ్చి చేయించుకోవాలి.

ఇక పారాచూట్ సంగతి. ఇప్పుడు స్కైడైవింగులో వాడేది గొడుగులా గుండ్రంగా ఉండేది కాదు. పరుపు ఆకారంలో గదులు గదులుగా ఉండి, గాలి నిండగానే రెక్కలా పనిచేసేది. ఈ పద్ధతి 1960లలో వచ్చింది. నేర్చుకునేవాళ్ళకు చదరపు అడుగు గుడ్డకు ఒక పౌండు బరువు మించకుండా చూస్తారు. 100 కిలోల మనిషి, 12 కిలోల సామాను కలిపితే సుమారు 247 పౌండ్లు. అంటే 250 చదరపు అడుగుల గుడ్డ కావాలి. పన్నెండడుగుల వెడల్పు, ఇరవై ఒక్క అడుగుల పొడవు ఉన్న గదంత అన్నమాట. గుడ్డ చిన్నదైతే నేలకు దిగే వేగం పెరుగుతుంది. ముందు దెబ్బ తినేవి చీలమండలు, మోకాళ్ళు.

పెద్ద పారాచూట్ కొంటే సరిపోదా? ప్రధాన పారాచూట్ వరకు సరిపోతుంది. వీపున రెండోది ఉంటుంది, రిజర్వ్. మొదటిది విచ్చుకోనప్పుడు ప్రాణం నిలబెట్టేది అదే. దాన్ని ఇంత బరువు వరకే అని పరీక్షించి ముద్ర వేస్తారు. పాతకాలపు ప్రమాణం ప్రకారం చాలా రిజర్వుల మీద 254 పౌండ్లు అని ఉంటుంది, అంటే 115 కిలోలు. అందులోంచి సామాను తీసేస్తే మనిషికి మిగిలేది 100 దరిదాపు. అందరూ చెప్పే ఆ "100 కిలోలు" ఎవరి బుర్రలోనో పుట్టిన అంకె కాదు. కుట్లకూ పట్టీలకూ పెట్టిన పరీక్షలోంచి వచ్చినది.

ఈ లెక్క నాకు అనుభవం మీద తెలిసింది. 2019లో వేరే రాష్ట్రంలో ఒక చోట ట్యాండెమ్ దూకుడుకు పేరిచ్చాను. ట్యాండెమ్ అంటే ఇన్‌స్ట్రక్టరు మనల్ని తన ముందు కట్టుకుని దూకడం. ఫారంలో నా బరువు 98 అని రాశాను. అది మూడేళ్ళ కిందటి అంకె, నాకు తెలుసు. అక్కడ బూట్లతో సహా కాటా ఎక్కిస్తే 106 చూపించింది. నా వెనక క్యూలో ఆఫీసు స్నేహితులు. కుదరదన్నారు, కట్టిన డబ్బులో సగం పోయింది. చిన్నప్పుడు హాస్టల్ మెడికల్ చెకప్‌లో కాటా ముల్లు చూసి అందరూ అరిచిన అరుపులు గుర్తొచ్చాయి. చెట్టు కింద కూర్చున్నాను.

ఇన్‌స్ట్రక్టరే వచ్చి పక్కన కూర్చుని కాగితం మీద లెక్క వేశాడు. వాళ్ళ సెట్టు మొత్తం మోయగలిగేది 500 పౌండ్లు, అంటే 227 కిలోలు. ఆయన 92, సామాను 25, నేను 106. మొత్తం 223. మిగిలింది నాలుగు కిలోలు. పైగా ఆ రోజు గాలి లేదు. ఎదురుగాలి ఉంటే దిగేటప్పుడు వేగం తగ్గుతుంది, లేకపోతే ఇద్దరమూ జోరుగా నేలను తాకుతాం. "మీరు 98 అని రాశారు, నేను 98 అనుకుని పారాచూట్ తీసుకుంటే?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నేను తప్పు అంకె వేసింది నా ఒక్కడి ప్రాణం మీద కాదు.

కాబట్టి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పేదేమంటే, దూకే ఆలోచన ఉంటే ముందు బూట్లు, బట్టలతో నిజమైన కాటా మీద బరువు చూసుకోండి. కొబ్బరి డిపో కాటా అయినా సరే. తరువాత ఫోనులో మూడు విషయాలు అడగండి. పరిమితి ఎంత, బట్టలతోనా లేకుండానా. ఆ రోజు తేలిక ఇన్‌స్ట్రక్టరు దొరుకుతాడా. బరువు ఎక్కువైతే డబ్బు తిరిగిస్తారా. చాలాచోట్ల మగవాళ్ళకు 100, ఆడవాళ్ళకు 90 కిలోల దగ్గర ఆపేస్తారు. కొన్నిచోట్ల అదనపు రుసుము తీసుకుని కొంచెం పైకి కూడా ఒప్పుకుంటారు. దుబాయిలో ఎత్తుకు తగ్గ బరువేనా అన్నది కూడా చూస్తారు. గల్ఫులో పనిచేస్తున్న మన రాజోలు, కొత్తపేట వైపు వాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

బరువు సరిపోయినా ఇంకో పరీక్ష ఉంది. ట్యాండెమ్‌లో దిగేటప్పుడు రెండు కాళ్ళూ ముందుకు చాపి పైకెత్తి కూర్చున్నట్టు దిగాలి. ఎత్తలేకపోతే మన కాళ్ళే ముందు నేలకు తగిలి, వెనకాయన బరువంతా వాటి మీద పడుతుంది. పొట్ట ఉన్నవాళ్ళకు ఇదే కష్టం. కుర్చీలో కూర్చుని రెండు కాళ్ళూ ఎత్తి పది లెక్కపెట్టే వరకు ఉంచగలరేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. తొడల పట్టీలు కూడా సరిగా బిగియాలి. బీపీ, గుండె, వెన్నుపూస సంగతి డాక్టరుతో మాట్లాడాలి. ఇవి బక్కవాళ్ళకూ తప్పవు.

ప్రమాదం లేదని చెప్పను. అమెరికాలో 2024లో 38 లక్షలకు పైగా దూకుళ్ళలో 9 మంది చనిపోయారు. అక్కడ లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. మన దేశంలో హర్యానాలోని నార్నౌల్ దగ్గర, మధ్యప్రదేశ్‌లోని ఉజ్జయినిలో దూకించిన సందర్భాలున్నాయి. ఖర్చు పాతిక, ముప్ఫై వేలు, హాస్టల్ పిల్లలకు చిన్న మొత్తం కాదు. కోనసీమలో మాత్రం ఎవరూ పెట్టరు. దిగడానికి చెట్టూ కాలవా లేని మైదానం ఎక్కడుంది మనకు? హైదరాబాదులో గండిపేట వైపు కింద నుంచి గాలి కొట్టే గొట్టంలో తేలించే ఏర్పాటు ఉంది. విమానం అక్కర్లేదు. దానికీ బరువు పరిమితి ఉంటుంది, అడిగి వెళ్ళాలి.

కలయిక రోజు సాయంత్రం ఆ తమ్ముణ్ణి వెతికి, వరండాలో కుర్చీ వేసి కాళ్ళెత్తమన్నాను. నాలుగు లెక్కపెట్టేసరికి దించేశాడు. "నువ్వెంతండీ అన్నయ్యగారూ?" అన్నాడు. నేనూ కూర్చుని ఎత్తాను. ఆరు.