‘చెప్పితిని గదా’ అంటే చాలదు



మేనేజరు అనగానే మనకు పెద్ద బల్ల, టెలిఫోను, ఫైళ్ళు గుర్తొస్తాయి. నిజానికి ఆయనకు ముఖ్యమైన పనిముట్టు మాట. కెనడా ఆచార్యుడు హెన్రీ మింట్స్‌బర్గ్ ఐదుగురు పెద్ద అధికారుల దినచర్యను దగ్గరుండి గమనించి, 1973లో ఒక పుస్తకం వేశాడు. వాళ్ళ సమయంలో నూటికి 78 వంతులు మాట్లాడటానికీ వినటానికీ పోయిందట!

మన జమ్మలమడుగు ప్రాంతంలో చీరలు నేయించే మాస్టర్ వీవరూ ఒక మేనేజరే గదా! దుకాణం వాళ్ళడిగిన రంగూ అంచూ ఆయన నోటిగుండానే రంగులు వేసేవారికి, పడుగు సిద్ధం చేసేవారికి, కండెలు చుట్టే ఆడవాళ్ళకు, మగ్గం మీద కూర్చున్న నేతగాడికి చేరాలి. ఉత్త ‘ఎరుపు’ అంటే ఏమనుకోవాలి? కుంకుమ ఎరుపా, మిరపపండు ఎరుపా? చీర మగ్గం దిగాక తేడా బయటపడితే రోజుల తరబడి చేసిన కష్టం నీళ్ళపాలు. “చెప్పితిని గదా!” అని ఆయన అనొచ్చు. కూలి కోతపడేది మాత్రం నేసినవాళ్ళకే.

అందుకే తెలిసిన మేనేజరు మాటతో ఆగడు. నమూనా పోగు చేతికిస్తాడు. “ఏం చేయాలో ఒకసారి నువ్వు చెప్పు” అని ఎదుటివారి నోట చెప్పించుకుంటాడు.

ఇంకొక సంగతి. మాట పైనుంచి కిందికి రావటమే కాదు, కిందినుంచి పైకీ పోవాలి. “అన్నా, ఈ పట్టు తెగుతావుంది” అని భయం లేకుండా చెప్పే చనువుండాలి. 1986 జనవరిలో అమెరికావారి ఛాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు చనిపోయారు. చలికి రబ్బరు సీళ్ళు పట్టు తప్పుతాయని ఇంజనీర్లు ముందురాత్రే హెచ్చరించారు. పైవాళ్ళు ఆ మాట పెడచెవిని పెట్టారు.

ఇల్లు నడిపే మనమూ, పొదుపు సంఘం నడిపే మన అక్కచెల్లెళ్ళూ మేనేజర్లమే. సంఘం అప్పెంత, కట్టిందెంత, మిగిలిందెంత అని లీడరు ఒక్కతే తెలుసుకుంటే అనుమానాలు పుడతాయి. అదే లెక్క అందరిముందూ చదివి, “ఎవరికైనా సందేహముందా అక్కా?” అని అడిగి, జవాబుకోసం కాసేపు ఆగితే సగం తగాదాలు లేవకుండానే పోతాయి.

చెప్పటం సగం పనే. విన్నారో లేదో కనుక్కోవటం మిగతా సగం.