ఘటమును నామమును: మేడ్చల్, శామీర్‌పేట కుమ్మరమునుండి బలిద్వీపమువఱకు

శాస్త్రగోష్ఠులలో ఘటమువలె తఱచుగా వినబడు వస్తువు మఱియొకటి లేదు. మృత్తిక యుపాదానకారణమనియు, కులాలుడు నిమిత్తకారణమనియు బాలురకు సహితము పాఠము చెప్పుదుము. ఛాందోగ్యమునందు ఉద్దాలకుడు శ్వేతకేతునకు మృత్పిండమును దృష్టాంతముగా జూపి, వికారములు నామమాత్రములనియు మట్టియే సత్యమనియు బోధించెను. వేదాంతవిచారమున నిది యట్లే యుండుగాక. భాషను, చరిత్రమును విచారించువానికి మాత్రము ఈ క్రమము తలక్రిందగును. మట్టి యెల్లచోట్ల మట్టియే. జాతుల చరిత్రమును దెలుపునవి కుండయొక్క రూపమును, దాని పేరును. రూపము నశించిన పేరు శూన్యము; పేరు నశించిన రూపము మూగది. భాగ్యనగరమునకుత్తరముననున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమును నిదర్శనముగా గొని ఈ విషయమును విచారింతము.

ఇది రాతిగుట్టలును చెఱువులును గల సీమ. చెఱువులోని మెత్తని మట్టిని కుమ్మరి తెచ్చి, రాళ్లేఱి, నానబెట్టి, కాళ్లతో ద్రొక్కి పదునుచేయును. సారెమీద లేచిన కుండకు అడుగుండదు. అది కొంత యాఱిన పిమ్మట లోపల గుండు నానించి, వెలుపల కొయ్యచెక్కతో తట్టి తట్టి, యడుగు మూయును. కావున కంఠమును పెదవియు చక్రమిచ్చినవి. గర్భము చేయి యిచ్చినది. ఆవములో గాలి తగిలినచోట నెఱుపును, గాలి తగులక పొగ మూగినచోట నలుపును ఏర్పడును.

ఈ విద్య క్రొత్తది కాదు. ఇచ్చటికి దక్షిణమున మౌలాలియొద్ద, ప్రజలు రాక్షసగుళ్లని పిలుచు ఇనుపయుగపు సమాధులు త్రవ్వబడినవి. తెలుగుసీమయందలి ఇట్టి సమాధులలో నలుపెఱుపు పాత్రలు సామాన్యముగా లభించుచున్నవి. శామీర్‌పేటకు సమీపముననే గల కీసరగుట్టపై విష్ణుకుండినులకాలపు ఇటుకకట్టడములు బయల్పడినవి. అచ్చటి బండమీద 'తొలుచువాండ్రు' అను నర్థము గల ప్రాచీనాంధ్రలేఖ చెక్కబడియున్నది. ఇది యైదవశతాబ్దిదని పండితులు తలంతురు. రాతిని దొలుచువారు తమ పేరును రాతిమీద నిలుపుకొనిరి. మట్టిని మలచువారికి అట్టి లేఖ లేదు. పగిలిన పెంకే వారి శాసనము.

పెంకు చెప్పలేని సంగతిని పేరు చెప్పును. బోనమనునది భోజనశబ్దభవము, పూర్వకవుల ప్రయోగములలో దీనికి అన్నమనియే యర్థము. నేడు ఆషాఢమున స్త్రీలు పసుపుకుంకుమలతోను వేపమండలతోను అలంకరించి, పైన దీపముంచి, తలపై మోయు కుండయే బోనము. ఆధేయమైన యన్నముయొక్క పేరు ఆధారమైన కుండకు సంక్రమించినది. తెలంగాణమున పెక్కు గ్రామములందు పోచమ్మకు కుమ్మరియే పూజారి. కుండ చేసినవాడే దానిని దేవతకు సమర్పించును. పెండ్లియందు కుమ్మరియింటినుండి మేళతాళములతో దెచ్చు రంగులకుండలను ఐరేనికుండలందురు. అరివేణికుండలనియు రూపాంతరము కలదు. నేడు ఇత్తడిబోనములును వాడుకలోనికి వచ్చినవి. పేరు నిలిచినది, మట్టి జాఱిపోవుచున్నది.

నామరూపములు సముద్రము దాటుటయు కలదు. బలిద్వీపపు ఉత్తరతీరమున సెంబిరన్ గ్రామమునందు 1987 మొదలుకొని ఐ వయన్ అర్దికగారు జరిపిన త్రవ్వకములలో, సుమారు రెండువేల యేండ్లనాటి భారతీయ మృత్పాత్రశకలములు లభించినవి. అందు లోపలి యడుగున సన్నని చుక్కల వలయములు గల పళ్లెములు ముఖ్యములు. ఇట్టివి మన అమరావతియందును, శాలిహుండమునందును దొరకినవి. 1945లో అరికమేడు త్రవ్వించిన వీలరుగారు వీనిని పాశ్చాత్యదేశములనుండి వచ్చినవానినిగా నెంచిరి. పిమ్మటి మృత్తికాపరీక్షలు ఇవి భారతదేశపు మట్టితో జేయబడినవని తేల్చినవి. దీనినిబట్టి మేడ్చల్ కుమ్మరి బలిద్వీపమునకు బోయెనని చెప్పరాదు. పాత్రలను మోసికొనిపోయిన యోడలు మన తూర్పుతీరమును తాకుచు బోయెననుట మాత్రము సాహసము కాదు.

పేరును అట్లే ప్రయాణించినది. ఇండోనీసియాలో పిడి లేక, కొమ్ముమాత్రము గల నీటికూజాను కెండి యందురు. యవద్వీపమున మజపహిత్ రాజ్యకాలపు మట్టికెండులు పెక్కులు లభించినవి. ఈ శబ్దము సంస్కృత కుండికాభవమని శాబ్దికులు చెప్పుదురు. మలయాళమున కొమ్ముపాత్రము కిండి, మనకు గిండిచెంబు. రూపము, ప్రయోజనము, ధ్వని మూడును కలియుచున్నవి గాన ఈ బాంధవ్యము విచారణార్హము. బోర్నియోలోని దయాకులు చీనానుండి వచ్చిన పెద్దజాడీలను వంశధనముగా దాచి, పెండ్లిలో కన్యాశుల్కముగా నిచ్చుచుండిరి. ఐరేనికుండల నెఱిగిన మనకు ఇది వింతగా దోపదు.

కడవ, బాన, కాగు, దుత్త, అటిక, గురిగి, మూకుడు అను మాటలను కావ్యములలో చదువునపుడు మనము పాత్రవిశేషమని చెప్పి ముందునకు సాగుదుము. ఏది వెడల్పుమూతిదో, ఏది పాలకో, ఏది ధాన్యమునకో కుమ్మరి చూచినంతనే చెప్పును. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములతో ప్రారంభించిన మాండలికవృత్తిపదకోశము మార్గము చూపినది. ఆ పరంపరలో కుమ్మరమునకును సంపుటము వెలసినది. ఉపాధ్యాయులు తమ గ్రామమందలి వృద్ధులగు కుమ్మరులకడ కూర్చుండి, ప్రతిపాత్రముయొక్క పేరును, మూతి, మెడ, కడుపుల కొలతలను, వాడుకను వ్రాసికొని, పక్కన చిత్రమును గీయింతురేని ఆ కోశమునకు కన్నులు వచ్చును. మేడ్చల్, శామీర్‌పేట పల్లెలు నగరములో గలియుచున్న ఈ కాలమున ఇది యాలస్యము చేయదగిన పని కాదు. ఘటాకాశమును గూర్చి ఎంతయో చర్చించితిమి. ఇక ఘటమును గూర్చి కులాలుని అడుగుదము.