దాళ్వా కోతకీ సార్వా నాట్లకీ మధ్య ఖాళీ.. ఆ 45 రోజుల్లో జీలుగ వేస్తే ఎకరాకు ఓ యూరియా బస్తా మిగిలినట్టే!

2025 ఖరీఫ్‌లో యూరియా కోసం తెలుగు రాష్ట్రాల రైతులు సొసైటీల ముందు బారులు తీరడం అందరూ చూశారు. అదే సమయంలో ఒక పాత మాట మళ్లీ వినపడింది.. పచ్చిరొట్ట. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పెద్దవాళ్లను కదిపితే జీలుగ, జనుము, పిల్లిపెసర పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. మరి ఇప్పుడు ఎందుకు వేయడం లేదు? వేస్తే నిజంగా ఎంత లాభం? ఎక్కడ దెబ్బతింటారు? చూద్దాం.

రెడ్ క్లోవర్ మన దగ్గర పండుతుందా?

నేలను బాగుచేసే పంట అని ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేది రెడ్ క్లోవర్. యూరప్, అమెరికా రైతులు చలికాలం చివర్లో గోధుమ చేలోనే దీని విత్తనం చల్లేస్తారు. గోధుమ కోసేసరికి కింద పచ్చగా పరుచుకుని ఉంటుంది. బాగానే ఉంది కానీ అది చల్లటి దేశాల మొక్క. మనకు నేల ఖాళీగా ఉండేదే ఏప్రిల్, మే నెలల్లో. ఆ ఎండకి అది నిలబడదు. దాని బంధువు బర్సీం ఉత్తరాదిలో పశుగ్రాసంగా పండుతుంది, అదీ శీతాకాలంలోనే. కాబట్టి ఆ విత్తనం తెప్పించుకోవడానికి డబ్బులు తగలేయక్కర్లేదు. అది చేసే పనే మన వేడిలో, మన బురదలో జీలుగ చేస్తుంది.

అసలు కిటుకు తేదీల్లోనే..

గోదావరి పశ్చిమ డెల్టాలో ఏడాదికి రెండు వరి పంటలు. సార్వా, దాళ్వా. విజ్జేశ్వరం నుంచి వచ్చే కాలువలను ఏప్రిల్‌లో కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. 2022లో అయితే జూన్ 1నే నీళ్లొదిలారు. దాళ్వా కోతలు ఏప్రిల్ చివరికి అయిపోతే, సార్వా నాట్లు పడేది జులైలో. మధ్యలో రెండు నెలల పైనే చేను ఊరికే ఉంటుంది. జీలుగ పూతకు రావడానికి పట్టేది 40 నుంచి 50 రోజులు. అంటే లెక్క సరిగ్గా సరిపోతుంది.

మే 10వ తేదీలోపు విత్తనం పడితే జూన్ నెలాఖరుకి దున్నేయొచ్చు. అప్పటికి కాలువలో నీళ్లుంటాయి, దమ్ముకి ఇబ్బంది లేదు. నారుమడికి కావాల్సింది ఎకరాకు ఐదు సెంట్లే కాబట్టి ఆ కాస్త జాగా విడిచిపెట్టి మిగతా చేనంతా జీలుగకు ఇవ్వొచ్చు. నారు పెరిగేలోపు ఇక్కడ రొట్ట కుళ్లిపోతుంది.

చిక్కల్లా మొలకెత్తించడంలోనే. కాలువ బంద్, పైన ఎండ. దాళ్వా కోసిన వెంటనే నల్లరేగడిలో ఇంకా పదును ఉండగానే చల్లుకోవాలి. వారం పది రోజులు ఆగితే నేల బీటలు వారుతుంది, గింజ ఆ బీటల్లోకి పోతుంది. పదును పోయిందా, ఇక బోరు ఉంటే ఒక తడి ఇవ్వాలి, లేదంటే మే నెల గాలివానల కోసం ఎదురుచూడాలి. మొలిచి జానెడు ఎత్తు లేచిందంటే మాత్రం ఇక దానికి ఎండా లెక్కలేదు, నీళ్లు నిలిచినా లెక్కలేదు.

విత్తనం ఎకరాకు జీలుగ అయితే 10 నుంచి 12 కిలోలు, జనుము 12 నుంచి 15 కిలోలు, పిల్లిపెసర 6 నుంచి 8 కిలోలు చాలు. విత్తే ముందు రైజోబియం కల్చర్ పట్టిస్తే మంచిది, ముఖ్యంగా ఆ చేలో ఇంతకుముందు ఎప్పుడూ పచ్చిరొట్ట వేయకపోతే.

వేర్ల మీద బుడిపెలు చూశారా?

నెల రోజుల జీలుగ మొక్కను మట్టితో సహా మెల్లగా పైకి తీయండి. వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది, బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది. ఒక బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనిపించాలి. కనిపిస్తే పని జరుగుతున్నట్టు. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే అక్కడ నత్రజని తయారవడం లేదన్నమాట.

ఇప్పుడు లెక్క. జీలుగ బాగా కుదిరితే ఎకరాకు 8 నుంచి 10 టన్నుల పచ్చిరొట్ట వస్తుందంటారు. నీళ్లు లేని మే నెల పంట కాబట్టి మనం 6 టన్నులే అనుకుందాం. టన్నుకు తక్కువలో తక్కువ 4 కిలోల నత్రజని చొప్పున 24 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకు. అంటే బస్తాకు కాస్త ఎక్కువే. కాకపోతే ఇదంతా మొదటి పంటకే అందదు, కొంత నేలలోనే ఉండిపోతుంది. అందుకే ఒక బస్తా తగ్గించుకోండి అంటాం కానీ యూరియా పూర్తిగా మానేయమని చెప్పం. అలా చెప్పే వీడియోలను నమ్మి చేను పచ్చబారబెట్టుకోవద్దు.

బస్తా ధర 266 రూపాయల చిల్లరే కదా, దీనికింత హడావుడా అనొచ్చు. నిజమే, నత్రజని ఒక్కటే చూస్తే ఇది పెద్ద లాభం కాదు. యూరియా బస్తా ఇవ్వలేనిది సేంద్రియ పదార్థం. ఏళ్ల తరబడి రెండు పంటల వరి, ఆపైన గడ్డి కాల్చేయడం.. దీంతో డెల్టా నేలలు గట్టిపడిపోయాయి. రొట్ట కలిసిన మట్టి గుల్లబారుతుంది, వేరు లోతుకు పోతుంది. ఈ తేడా ఒక్క ఏడాదిలో కనపడదు, మూడు నాలుగేళ్లు వరసగా వేస్తేనే కనపడుతుంది.

ఎప్పుడు దున్నాలి?

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పూత మొదలవగానే దున్నేయాలి. ఇంకో వారం ఆగితే ఇంకాస్త రొట్ట వస్తుంది కదా అని ఆగితే కాండం పుల్లలా ముదురుతుంది. ముదిరిన పుల్ల త్వరగా కుళ్లదు సరికదా, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనినే లాక్కుంటాయి. నాటిన వరి పసుపు పచ్చగా మారేది అందుకే.

చేలో పలచగా నీళ్లు పెట్టి రోటావేటర్‌తోగానీ కేజ్ వీల్స్‌తోగానీ కలియదున్నాలి. ఎకరాకు 50 నుంచి 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లితే త్వరగా చివుకుతుంది. ఆ తర్వాత కనీసం వారం, పది రోజులు ఆగి నాట్లు వేయాలి. కుళ్లేటప్పుడు వచ్చే ఆమ్లాలు, వాయువులు లేత వేరుకు పడవు. నీటి అడుగున రొట్ట కుళ్లితే మీథేన్ కూడా ఎక్కువ వస్తుంది, ఇదీ దాచాల్సిన విషయం కాదు. నాటాక మధ్యమధ్యలో చేను ఆరగడితే అది కొంత తగ్గుతుంది. ఇంకొకటి.. రొట్ట ఎక్కువ కలిసిన చేలో జింకు లోపం కనపడొచ్చు. ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేయాలి.

కొల్లేరు అంచున లెక్క వేరు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉంటుంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడేది ఇందులోకే, బయటికి దారి ఒక్క ఉప్పుటేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచాక ఆ నీళ్లు చేరిందీ ఇక్కడికే. కైకలూరు, మండవల్లి వైపు పల్లపు చేలల్లో నీళ్లు రోజుల తరబడి నిలబడిపోతాయి. అక్కడ జనుము వేస్తే రెండో రోజుకే వేరు కుళ్లుతుంది. తట్టుకునేది జీలుగ ఒక్కటే.

రెండో సమస్య ఉప్పు. చేపల, రొయ్యల చెరువుల పక్కన ఉన్న వరి చేలకు ఊటనీరు దిగి నేల చవుడు బారుతోందని రైతులు చాలా ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. జీలుగ చవుడును కూడా ఓర్చుకుంటుంది. కుళ్లేటప్పుడు వచ్చే ఆమ్లాలు మట్టిలోని సున్నాన్ని కొంత కరిగిస్తాయి, అది వేర్ల దగ్గర ఉన్న సోడియాన్ని పక్కకు నెడుతుంది. అయితే మురుగు కాలువ లేకపోతే ఆ ఉప్పు ఎక్కడికీ పోదు. చెరువు ఊట ఆగకుండా జీలుగ మీదే భారం వేస్తే ప్రతి ఏడాదీ మొదటికే వస్తుంది. నేల పరీక్షలో క్షారం ఎక్కువుందని తేలితే జిప్సం కూడా కావాలి.

మెట్ట వైపు వెళితే

తాడేపల్లిగూడెం దాటి వెంకటరామన్నగూడెం వైపు వెళ్తే నేల మారిపోతుంది. ఎర్ర, ఇసుక నేలలు, తోటలు. ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నదీ అక్కడే. ఈ నేలల్లో నీళ్లు నిలవవు కాబట్టి జనుముకు అనుకూలం. ఏలూరు దగ్గర పెదవేగిలో ఐసీఏఆర్ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. ఆ చుట్టుపక్కల ఆయిల్ పామ్ తోటల్లో ఎకరాకు 57 మొక్కలే ఉంటాయి. మొదటి మూడేళ్లు మధ్యలో బోలెడు ఖాళీ. అక్కడ జనుము, పిల్లిపెసర వేసి పూతకు రాగానే పాదుల్లోకి తొక్కేయొచ్చు. తీగ జాతి పంటలు వేస్తే మాత్రం లేత మొక్క మీదకు పాకకుండా పాదు చుట్టూ శుభ్రం చేస్తూ ఉండాలి.

మరి ఎందుకు వేయట్లేదు?

మొదటి కారణం పశువులు. దాళ్వా కోత అవగానే ఊరి మందంతా చేలల్లోకి వదిలేస్తారు. ఒక్కరే వేస్తే మేకల పాలవుతుంది. పది మంది పక్కపక్కన వేస్తేనే కాపలా కుదురుతుంది. పిల్లిపెసర వేసేవాళ్లు దీన్నే లాభంగా మార్చుకుంటారు, ముందు ఒక కోత మేతకు తీసుకుని మిగిలింది దున్నేస్తారు.

రెండోది ఇంకా పెద్దది.. కౌలు. ఈ ప్రాంతంలో సాగు చాలావరకు కౌలు రైతులదే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే. మే నెలలో విత్తనం, దుక్కి ఖర్చు కౌలుదారు పెట్టాలి. నేల బాగుపడేది మూడు నాలుగేళ్లకు. అప్పటికి ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో ఆయనకే తెలీదు. యజమాని ఆ ఒక్క ఖర్చు పంచుకుంటే తప్ప ఆయన్ని వేయమనడం న్యాయం కాదు.

జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనాలను వ్యవసాయ శాఖ సబ్సిడీపై రైతు సేవా కేంద్రాల ద్వారా ఇస్తుంటుంది. దాళ్వా కోతకు ముందే గ్రామ వ్యవసాయ సహాయకుడి దగ్గర పేరు రాయించుకోవాలి. విత్తనం జూన్‌లో చేతికొస్తే డెల్టా చేలకు ఇక ఆ ఏడాదికి పనికిరాదు.