నట్టింటిలో ఆటలదీవి

ఆటలన్నచో మనకది చిన్ననాటి మాట. ఒప్పులకుప్ప తిరిగిన కాళ్లు, చెమ్మచెక్కలకు చఱచిన చేతులు, తొక్కుడుబిళ్ల గడులను ఒంటికాలితో దాటిన పాదములు మనకందఱకును కలవు. కాని ఓణీ వేసికొన్న దినమునుండి వీధిలోని గడులు మనకు లేకపోవును. ఆ మీదట మిగులునవి కూరుచుండి ఆడు ఆటలే: గవ్వలు, వామనగుంటలు, అష్టాచెమ్మ. సంసారమున పడిన పిదప అవియును పండుగనాటికి మాత్రమే. మగవారు నలుబదియేండ్లు వచ్చినను సాయంకాలము బంతియాటకు పోవుదురు. మనలో నెవరైనను పరుగెత్తినచో, పొయ్యిమీద పాలు పొంగినవి కాబోలునని ఇరుగుపొరుగువా రనుకొందురు!

మన ప్రాంతపు ఆడువారికి దేహబలము చాలదని ఎవరును అనజాలరు. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలసలో సాధన చేసిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గైకొని, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతస్త్రీ యయ్యెను. విజయనగరము జిల్లా ఆడపడుచు మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో బరువులెత్తి పతకము తెచ్చెను. వారి ఘనత వారిది. మేము చెప్పనెంచినది ఇల్లాండ్రను గూర్చి. పోటీయు పతకమును లేక, ఊరక సంతోషమునకై ఆడుకొను హక్కు మనకు ఏ వయసున పోయినది? ఈ ప్రశ్న మాకు విజయనగరములోని మా నట్టింటిలో, ఒక జపాను ఆట మూలమున ఎదురైనది.

మా ఆడుబిడ్డ అమెరికానుండి వచ్చినపుడు, తన పిల్లలు ఆడి విడిచిన 'వీ' అను ఆటయంత్రమును మా పిల్లలకొఱకు తెచ్చెను. దానిని టెలివిజనుకు తగిలించి ఆడవలెను. చేసినవారు జపానుదేశమున క్యోటో నగరమునందలి నింటెండో సంస్థవారు. ఈ సంస్థ 1889లో పుట్టినపుడు చేసినది పూలబొమ్మలు గల పేకముక్కలని తెలిసి మేమాశ్చర్యపడితిమి. అట్టివారే 2006లో ఈ యంత్రమును వెలువరించి, లోకమంతటను పది కోట్లకు పైగా అమ్మిరి. ఇప్పుడు దానిని చేయుట మానివేసిరి. యంత్రముతోకూడ వచ్చిన డిస్కులలో ఒకదానిపేరు 'గో వెకేషన్', అనగా సెలవులకు పోవుదము రమ్మని పిలుపు. నామ్కో బందై సంస్థవారు దీనిని 2011లో వీ కొఱకు చేసిరి. 2018లో నింటెండోవారి 'స్విచ్' అను క్రొత్త యంత్రమునకును ఇది వచ్చినది.

ఈ ఆటలో కవావీ అను కల్పితద్వీపము కలదు. అందు నాలుగు విహారస్థలములు: సముద్రతీరము, పట్టణము, మంచుకొండ, అడవికొండ. అన్నిటను కలిసి 50కి మించిన చిన్న ఆటలున్నవి. తీరమున నీటిపై పరుగిడు మోటారు బండ్లు, ఇసుకలో వాలీబాలు, చిన్న పడవలు, పట్టణమున టెన్నిసు, చక్రముల జోళ్లు, మంచులో జాఱుడు పలకలు, మంచుముద్దలు విసరుకొనుట, కొండప్రాంతమున గుఱ్ఱపుస్వారి. ఒక్కరు మొదలు నలుగురివఱకు కలిసి ఆడవచ్చును. ప్రతి క్రీడాకారిణికిని ఒక బొమ్మరూపము నెంచుకొనవచ్చును. మా మనుమరాలు నాయనమ్మ నెదుట కూరుచుండబెట్టుకొని తెల్లని ముడి, గుండ్రని కండ్లజోడు గల బొమ్మను తయారుచేసెను. చీరమాత్రము దొరకలేదు.

పోటీలకంటె మాకు నచ్చినది మఱియొకటి కలదు. ఆటకును ఆటకును నడుమ ఈ దీవియందు ఇష్టము వచ్చినట్లు తిరుగవచ్చును. ఒడ్డు వెంబడి పోవచ్చును, మలుపు తిరిగి ఆవల నేమున్నదో చూడవచ్చును, దాచియుంచిన పెట్టెలను వెదకవచ్చును, ఫొటోలు తీయవచ్చును. గెలువలేదని నిందించువారును, వేళ మించినదని తొందరపెట్టువారును లేరు. చంపవలసిన శత్రువులును లేరు. తుపాకుల మ్రోతలేని టెలివిజను ఆట యున్నదని మాకు అంతకుమున్ను తెలియదు.

చేయి ఆడించినంతమాత్రమున తెఱలోని బొమ్మకు ఎట్లు తెలియునని మీరడుగవచ్చును. మేమును అడిగితిమి. చేతిలోని రిమోటులో యాక్సిలరోమీటరు అను మిక్కిలి చిన్న పరికరము కలదు. నీళ్లబిందె చంకనిడుకొని నడచుచు చటుక్కున ఆగినచో నీరు ముందుకు తొణకును. ఒక్కసారిగా కదలినచో వెనుకకు తొణకును. నీటిని చూచియే బిందె ఎటు కదలెనో చెప్పవచ్చును గదా! ఈ పరికరములో నీటికి బదులు సన్నని సిలికాను స్ప్రింగులపై నిలిపిన ఒక చిఱుపలుక యుండును. చేయి విసరినపుడు ఆ పలుక రవంత జరుగును. అందువలన విద్యుత్తులో కలుగు మార్పును యంత్రము లెక్కకట్టి, చేయి ఎటు, ఎంత వడిగా కదలినదో గ్రహించును. 2009లో నింటెండోవారు మణికట్టు త్రిప్పుటనుకూడ పసిగట్టు గైరోస్కోపును విడిగా ఒక తునుకగా చేసి రిమోటునకు జతపఱచిరి. ఆ యేటనే దానికొఱకు వచ్చిన 'వీ స్పోర్ట్స్ రిసార్ట్' అను ఆటయును ఒక దీవిలో జరుగునదే. విలువిద్య, కత్తిసాము, బల్లబంతి మొదలుగా అందు 12 క్రీడలు కలవు.

ఇందు ఒక లొసుగు కలదు. యంత్రము చేతిలోని రిమోటును చూచునే కాని మనిషిని చూడదు. మంచముమీద పరుండి మణికట్టు విదిలించినను అది మోసపోవును. మా పిల్లలు రెండవదినముననే ఈ రహస్యమును కనిపెట్టిరి. కనుక దీనివలన దేహమునకు మేలు కలుగుట ఆడువారి మనసునుబట్టి యుండును. నిలుచుండి, భుజము కదలించి ఆడినచో చెమట పట్టును. మేము రెండు ఆటలు ఆడునప్పటికి కొంగు బిగించుకొనవలసి వచ్చినది.

ఒకనాటి మధ్యాహ్నము పిల్లలు బడికి, మగవారు పనులకు పోయియుండిరి. మేము గుఱ్ఱపుస్వారి ఆడుచుంటిమి. పగ్గములు పట్టినట్లు రెండు చేతులలో రెండు పరికరములు పట్టుకొని, కొండదారిని తోచినవైపునకు పోవుచుంటిమి. మా అత్తగారు మంచముమీద కూరుచుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచు తెఱవంక చూచుచుండిరి. కొంతసేపటికి వారి చేతులు ఆగిపోయినవి.

"అమ్మాయీ, ఆ గుర్రాన్ని ఎటు తోలితే అటే వెళ్తుందేటి?"

"అవునండీ అత్తయ్యగారూ."

"ఎక్కడికెళ్తున్నావని ఎవరూ అడగరేటి?"

"ఎవరూ అడగరండీ."

వారు చేట ప్రక్కకు జరిపి, చేతులు తుడుచుకొని లేచి వచ్చిరి. అఱువదియేడేండ్ల మనిషి. పదునాల్గవయేట తొక్కుడుబిళ్ల మాన్పించిరని, ఆ దినమున బిళ్లపెంకును గోడపగులులో దాచితినని మాకు పలుమాఱులు చెప్పియుండిరి. ఆ మధ్యాహ్నము వారు గంటసేపు గుఱ్ఱమును తోలిరి. పందెములో చేరుడని యంత్రము పిలిచినను చేరలేదు. పోవలసిన చోటు ఏదియు లేదు. చెట్టు కనబడినచో చెట్టుచుట్టు, నీరు కనబడినచో నీటియొడ్డున తిరిగిరి. సాయంకాలము కాఫీ ఆలస్యమైనది. ఏమైనదని మామగారు అడిగినప్పుడు అత్తగారు, "ఊరెళ్లొచ్చాను" అని నవ్విరి.

ఆ రాత్రి మాకు చాలసేపు నిద్ర పట్టలేదు. ఒక ఆట చూచి ఇల్లాలు అడిగిన మొదటి ప్రశ్న, ఎవరును అడుగరా యని! అత్తగారిని మాయింట కట్టిపెట్టినవారు లేరు. అన్నవరము పోయిరి, సింహాచలము పోయిరి, ఏటేట పైడితల్లమ్మ సిరిమాను చూచిరి. కాని ఎక్కడికి పోయినను ఒక పని, ఒక మ్రొక్కు, ఒక పేరంటము ఉండవలెను, వెంట ఒకరుండవలెను. ఊరక తిరిగివచ్చెదనని వారెన్నడును అనలేదు. మేమును అని యెఱుగము. మీలో నెందఱు అనియున్నారో మీరే తలపోసికొనుడు.

ఈ యంత్రము ఇంటికి తెచ్చుకొనువారికి కొన్ని హెచ్చరికలు. అమెరికానుండి తెచ్చిన వీ యంత్రపు అడాప్టరు అచ్చటి 120 వోల్టుల విద్యుత్తునకు చేసినది. మన ఇండ్లలోనిది 230 వోల్టులు. నడుమ తగిన ట్రాన్సుఫార్మరు లేక తగిలించినచో అడాప్టరు కాలిపోవును. రిమోటునకు గల త్రాటిని మణికట్టున తప్పక తగిలించుకొనవలెను. 2006 డిసెంబరులో ఈ త్రాళ్లు తెగుచున్నవని నింటెండోవారే సుమారు 32 లక్షల త్రాళ్లకు మార్పు ఇచ్చుటకు పూనుకొనిరి. మఱుసటియేడు మెత్తని తొడుగులనుకూడ ఉచితముగా ఇచ్చిరి. మాయింట త్రాడు తగిలించుకొనక విసరినందున అద్దపు బీరువా పగిలి, అందలి చిన్న బొబ్బిలివీణ క్రిందపడినది. ఆ విసరినది పిల్లలు కారు, మేమే. ఆడుచోట బల్లలు, కుర్చీలు తొలగించి, పసివాండ్రను దూరముగా నుంచవలెను.

భుజముల విషయమున మఱింత జాగ్రత్త వలయును. వీ టెన్నిసు గంటలకొలది ఆడిన ఒక యువకుని భుజపు స్నాయువు వాచుటను గూర్చి 2007లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రిక ప్రకటించినది. అరగంట కొకమాఱు ఆగవలెను. భుజము పట్టినవారు, తల తిరుగువారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుల నడిగి ఆడవలెను. ఇది మందు కాదు. నడకకు బదులును కాదు.

ఈ కవావీ దీవిలోని తీరమును చూచి చూచి అత్తగారికి తన పుట్టినూరు జ్ఞప్తికి వచ్చినది. వారి పుట్టిల్లు శ్రీకాకుళము జిల్లాలో, వంశధార కడలి కలియు కళింగపట్టణమునకు దగ్గఱనే. మాఘపూర్ణిమనాడు సముద్రస్నానమునకు బండిలో పోయి, మునిగి, తడిబట్టలతో అదే బండిలో తిరిగివచ్చుటయే కాని, ఒడ్డు వెంబడి నడచి ఏఱు కలియుచోటు చూడలేదట! ఆటలోని దీవి ప్రతి మూల తెలిసినది. పుట్టినూరి తీరము తెలియలేదు.

కార్తికమాసమున వనభోజనములకు పోవుట మన ఆచారమే కదా. ఈమాఱు తోటకు బదులు కళింగపట్టణము పోవుదమని అంటిమి. దారిలో శాలిహుండము కొండయెక్కి పూర్వపు బౌద్ధస్తూపములను చూచితిమి. ఆ కొండమీదినుండి వంశధార పాఱు తీరు కనులపండువుగా కనబడును. పులిహోర, దద్ధ్యోదనము తిన్న పిమ్మట అత్తగారు చెప్పులు చేతబట్టుకొని ఒడ్డున నడచుచు పోయిరి. మేము వెంబడింప లేదు. ఎక్కడికని అడుగ లేదు. చాలసేపటికి తిరిగివచ్చి, "నీళ్లు రెండు రంగులుగా ఉన్నాయే" అని మాత్రము అనిరి. మన తీరమున అలలు బలమైనవి, లోపలి గుంజుడు ఎక్కువ. కావున నీటిలో దిగవలదని పిల్లలకు గట్టిగా చెప్పియుంచితిమి. నడచుటకుమాత్రము ఏ అడ్డును లేదు.

సోదరీమణులారా! ఆటయంత్రము కొనుడని మేము చెప్పుట లేదు. కొనలేనివారికి ఏ కొఱతయు లేదు. మాయింట అది చేసిన మేలు ఒక్కటే: అడుగవలసిన ప్రశ్నను అడిగించినది. వారమునకు ఒక గంట మీదిగా నుంచుకొనుడు. ఆ గంటలో తొక్కుడుబిళ్ల ఆడుదురో, మేడమీద కోడండ్రు, కూతుండ్రతో బంతి విసరుకొందురో, చెఱువుగట్టున నడతురో మీ ఇష్టము. ఏ పనియు తోడు పెట్టుకొనకుడు. దారిలోనే కదాయని కూరలసంచి చేతికి తీసికొనకుడు. ఇంటిలోని ముసలమ్మలను మఱువకుడు. మీకు చాలదని వారు అడుగరు. మీరే పిలువవలెను.

అత్తగారు ఇప్పుడును మధ్యాహ్నములందు గుఱ్ఱమును తోలుచున్నారు. మంచుకొండ వారికి నచ్చలేదు. చలికాబోలు!